బరువు చీటీ చూసి మురిసిపోకండి

"వయసు 41, బీఎంఐ 27 వచ్చింది. లావుగా ఉన్నవాళ్లు నిజంగానే ముందు పోతారా? ఈ లెక్క అన్ని దేశాలవాళ్లకూ ఒకటేనా?" అని మీరు అడిగారు. బీఎంఐ అంటే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క. నేను డాక్టరును కాను. విజయవాడ గవర్నర్‌పేటలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా ప్యాంట్లు, చొక్కాలు కుడుతున్నాను. అయినా జవాబు చెప్పే అర్హత నాకుంది. నేను చూసినన్ని నడుములు ఏ డాక్టరూ చూసి ఉండడు.

మా బావమరిది ఐదడుగుల ఏడంగుళాలు, 62 కిలోలు. అప్పట్లో రైల్వే స్టేషన్‌లో రంగు దీపాలు తిరిగే బరువు యంత్రం ఉండేది. బిళ్ల వేస్తే టక్కున చీటీ రాలేది, ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. ఊరెళ్లినప్పుడల్లా ఎక్కేవాడు. ఆ చీటీలు జేబులోంచి తీసి నా కటింగ్ బల్ల మీద పరిచి, "చూడు బావా, పెళ్లినాటి బరువే!" అనేవాడు. నేనేమో 83 కిలోలు. మా అత్తగారు నా కంచంలో నెయ్యి వేయబోయి చెయ్యి వెనక్కి తీసుకునేవారు. అతనికి మాత్రం అడక్కుండానే రెండో గరిటె.

ఒక దసరాకు పాత ప్యాంటు పట్టుకొచ్చాడు. ఉతికితే బిగుతైపోయిందట. కొలతల పుస్తకాలు వెనక్కి తిప్పాను. పెళ్లికి కుట్టినప్పుడు నడుము 30. తర్వాత 32, ఆ తర్వాత 33న్నర. టేపు చుట్టి చూస్తే 37! అదే మనిషికి తొడ కొలత అంగుళంన్నర తగ్గింది, చేతులు కూడా సన్నబడ్డాయి. బరువు ఎక్కడికీ పోలేదు, కాళ్లూ చేతులూ ఖాళీ చేసి పొట్టలో కాపురం పెట్టింది. లోపల మడిచి వదిలిన గుడ్డంతా విప్పినా రెండంగుళాలకు మించి రాలేదు. "గుడ్డ బిగుతైతే తొడ దగ్గర ఎందుకు వేలాడుతోంది?" అంటే నవ్వేశాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను.

సంక్రాంతికి గుండెపోటు వచ్చింది. 46 ఏళ్లు. స్టెంటు వేశారు, బతికాడు. షుగరు ఎప్పటినుంచో ఉందన్నారు. సన్నగా ఉన్నాడు కదా అని అన్నేళ్లలో ఒక్కరూ రక్తపరీక్ష చేయించుకోమనలేదు. నన్నయితే పెళ్లికి వెళ్లినా, చావుకు వెళ్లినా "ఒళ్లు చేశావు, షుగరు చూపించుకున్నావా?" అని వదలరు. వాళ్ల పుణ్యమా అని ఏటా చూపించుకుంటున్నాను.

అప్పటినుంచి ఈ లెక్కలు చదవడం పట్టుకుంది. 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చినది పెద్దది: నాలుగు ఖండాలు, 239 అధ్యయనాలు, కోటికి పైగా మనుషులు. పొగతాగేవాళ్లనూ ముందే జబ్బులున్నవాళ్లనూ పక్కనపెట్టి చూస్తే బీఎంఐ 20–25 మధ్య ఉన్నవాళ్లకు చావు ముప్పు తక్కువ. పైకి పోయినా పెరుగుతుంది, కిందికి దిగినా పెరుగుతుంది. కానీ 2011లో ఆసియాలో 11 లక్షల మందిని చూసినప్పుడు భారత్, బంగ్లాదేశ్‌లలో లావువల్ల అదనపు మరణాలు తేలలేదు, బక్కవాళ్లకే ముప్పు ఎక్కువ. ఇది చూపించి నేను పండగ చేసుకుంటుంటే, ఫార్మసీ చదివే మా అమ్మాయి "నాన్నా, ఆసియావాళ్లు బీఎంఐ 23 నుంచే జాగ్రత్తపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే చెప్పారు" అని నా నోరు మూయించింది.

అదే ఏడాది అచ్చయిన ఒక ఫోటో కూడా తనే చూపించింది. పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ పక్కపక్కన. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం లండన్ ఆయనకు 9.1 శాతం, మనాయనకు 21.2. నాకు మా బావమరిది ప్యాంటే గుర్తొచ్చింది.

ఇంకో మాట. ఈ రెడీమేడ్ ప్యాంట్లు మనుషుల్ని ముంచుతున్నాయి. 34 అని రాసి ఉన్నదానికి టేపు పెట్టండి, 36 వస్తుంది. పైగా ఎలాస్టిక్. పొట్ట పెరిగిందని మొహం మీద చెప్పేది ప్యాంటు గుండీ ఒక్కటే, దాన్నీ పీకేశారు.

మీ 27 సంగతి డాక్టరుగారికే వదిలేయండి, నడుము మాత్రం కొలుచుకోండి. మనవాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదంటారు. నాది ఎంత అని అడగకండి. టేపు లేకపోతే దుకాణానికి రండి, డబ్బులు తీసుకోను. కొలిచేటప్పుడు పొట్ట లోపలికి లాక్కుంటే ఒప్పుకోను. మా బావమరిది ఇప్పటికీ లాక్కుంటాడు. మొన్న 35 అంగుళాలు వచ్చింది. చీటీ మీద రాయించుకుని జేబులో పెట్టుకుపోయాడు.