తిరుపతిలో ఇంటి నుంచి కేకులమ్మాలంటే ఓవెన్ కన్నా ముందు ఫ్రిజ్ చూసుకోండి

"తిరుపతిలో ఇంటి దగ్గరే కేకులు, బిస్కెట్లు, రిటర్న్ గిఫ్టులు చేసి అమ్ముదామనుకుంటున్నా, ఏ కంపెనీ ఓటీజీ మంచిది, ఏడాదంతా ఆర్డర్లు వస్తాయా" అని అడిగారు. ఓటీజీ, అంటే ఇంట్లో పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్, ఏ కంపెనీదైనా ఒకటే. 40 లీటర్లది, పైనా కిందా రాడ్లున్నది తీసుకుని, లోపల పెట్టుకునే ఓవెన్ థర్మామీటరు ఒకటి కొనండి చాలు. డయల్ 180 చూపిస్తుంటే లోపల 160 ఉండొచ్చు, 200 కూడా ఉండొచ్చు. మన ఊళ్లో కేకు పాడయ్యేది ఓవెన్‌లో కాదండీ, బయటికొచ్చాక. అందుకే పెట్టుబడిలో ఓవెన్‌కి మూడో వంతు దాటనివ్వొద్దు. మిగతాది 100 లీటర్ల డీప్ ఫ్రీజర్‌కీ, గ్రాముల్లో తూచే కాటాకీ, రెండు థర్మాకోల్ పెట్టెలకీ పెట్టండి.

ఎందుకంటారా? మే నెలలో సాయంత్రం నాలుగింటికి ఒక కిలో మ్యాంగో క్రీమ్ కేకు బైరాగిపట్టెడ నుంచి తిరుచానూరుకి స్కూటర్ మీద బయల్దేరిందనుకోండి. బయట 41 డిగ్రీలు. కేకు ఫ్రిజ్‌లోంచి తీసి గంట కూడా కాలేదు కాబట్టి చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. కాసేపటికి పైన వేసిన పూల అంచుల్లో నాజిల్ గీతలు మాయమవుతాయి. పక్కన క్రీమ్ మీద నిగనిగలాడే మెరుపొకటి వస్తుంది. ఆ మెరుపు చూసి చాలామంది "అబ్బ, ఎంత ఫ్రెష్‌గా ఉందో" అనుకుంటారు, కానీ అది కొవ్వు కరగడం మొదలైందన్న గుర్తు. గిలకొట్టిన క్రీమ్ అంటే గాలి బుడగలే. వాటి చుట్టూ గట్టిపడ్డ కొవ్వు గోడలా నిలబడి ఉంటుంది. ఆ కొవ్వు మెత్తబడితే బుడగలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి క్రీమ్ జారిపోతుంది. ఈలోగా లోపల మామిడి ముక్కలు చక్కెర తగిలి నీళ్లు వదిలి ఉంటాయి. పై స్పాంజికీ కింది స్పాంజికీ మధ్య పట్టు పోతుంది. ఇక ఒక్క స్పీడ్ బ్రేకర్ చాలు, పై పొర అర అంగుళం పక్కకి జరుగుతుంది. డబ్బా తెరిచేసరికి "హ్యాపీ బర్త్‌డే"లో సగం డబ్బా గోడకి అంటుకుని ఉంటుంది. తప్పు స్కూటర్ నడిపిన పిల్లాడి మీదికి పోతుంది పాపం.

దీనికి చేయాల్సిన పనులన్నీ ముందు రోజువే. మామిడి పండు ముక్కలు ఉడికించకుండా అలాగే పెట్టకండి. గుజ్జు తీసి, సన్నటి సెగ మీద మూడో వంతు తగ్గేదాకా ఉడికించి చల్లార్చాలి. మన జిల్లాల్లో చవగ్గా దొరికే తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలకి సరే గానీ, కేకులో వాసన చాలదు. బంగినపల్లి గుజ్జు కనీసం సగమైనా కలపండి. ఆ గుజ్జు పోసే ముందు స్పాంజి అంచు చుట్టూ గనాష్‌తో, అంటే చాక్లెట్, క్రీమ్ కలిపి కరిగించిన ముద్దతో, గట్టు కట్టాలి. ఇక్కడా కొలత మారుతుంది. డిసెంబరులో డార్క్ చాక్లెట్, క్రీమ్ సమానంగా తీసుకున్నా నిలుస్తుంది, ఏప్రిల్ నుంచి జూన్ దాకా చాక్లెట్ రెండింతలుండాలి. వైట్ చాక్లెట్ అయితే మూడింతలకు తగ్గొద్దు. తయారైన కేకు రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండాలి. పైన మాత్రమే చల్లబడితే సరిపోదు, నడిమి దాకా చల్లదనం దిగాలి. కేకు కింద పెట్టే బోర్డు మీద కరిగిన చాక్లెట్ చుక్క పెట్టి స్పాంజి అతికించండి. థర్మాకోల్ పెట్టెలో రెండు మూలల్లో గడ్డకట్టిన నీళ్ల సీసాలు తువ్వాలు చుట్టి పెట్టండి. తువ్వాలు లేకపోతే సీసాకి పట్టిన చెమ్మ డబ్బా అట్టని నానబెడుతుంది. స్కూటర్ మీద పెట్టె చోటు ముందు కాళ్ల దగ్గర, బల్లపరుపుగా. హుక్కుకి తగిలించడం, వెనక కూర్చున్నవాళ్ల ఒళ్లో పెట్టడం వద్దు.

ఇంత కన్నా తేలిక దారి ఇంకోటుంది. ఎండాకాలంలో క్రీమ్ కేకు డెలివరీ పొద్దున ఎనిమిదిలోపు, లేదా పొద్దుగూకాక అని రేటు కార్డు మీదే రాసేయండి. ఒప్పుకోనివాళ్లకి డ్రై కేకు, బ్రౌనీ, కప్ కేకు చూపించండి. నాన్ డెయిరీ క్రీమ్ అయితే కరగదని అంగట్లో చెప్తారు, నమ్మకండి. ఆలస్యంగా కరుగుతుంది, అంతే. దాన్ని మైనస్ 18 దగ్గర దాచాలి. వాడే ముందు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి, ఇంకా కాస్త మంచు పలుకులు ఉండగానే గిలకొట్టాలి. వేడి వంటింట్లో లీటరు ప్యాకెట్టంతా ఒకేసారి గిన్నెలో పోస్తే మొదటి సగం వాడేసరికి మిగతా సగం జావ అవుతుంది. 250 మిల్లీలీటర్ల చొప్పున చేయండి. ఒకసారి కరిగింది మళ్లీ ఫ్రీజర్‌లో పెడితే గింజలు గింజలుగా విరుగుతుంది.

ఎండాకాలంలో ఇంకో తంటా ఓల్టేజీ. సాయంత్రం వీధి మొత్తం ఏసీలు వేసినప్పుడు 230 ఉండాల్సింది 190కి దిగిందనుకోండి, ఓవెన్ రాడ్డు ఇచ్చే వేడి మూడింట రెండు వంతులకి పడిపోతుంది. 2000 వాట్ల ఓవెన్ దాదాపు 1360 వాట్లదవుతుంది. డయల్ మాత్రం 180 దగ్గరే ఉంటుంది. స్పాంజి పొంగి, మధ్యలో కుంగి, కింద తడి గీత కనపడితే బేకింగ్ పౌడర్ మార్చే ముందు ఓల్టేజీ చూసుకోండి. తెల్లారి ఆరింటికి బేక్ చేస్తే ఈ బాధ చాలామట్టుకు ఉండదు. మధ్యలో కరెంటు పోతే తలుపు తెరవొద్దు. ఇంట్లో ఇన్వర్టర్ ఉందని ధీమా పడకండి, మామూలు ఇన్వర్టర్ ఓటీజీని లాగలేదు.

కేకులు తగ్గే ఆ ఏప్రిల్, మే, జూన్ నెలలే క్రాఫ్టుకి, అంటే గిఫ్టుల చేతిపనికి మంచి రోజులు. గంగమ్మ జాతర వారమైతే కేకు అడిగేవాళ్లే తక్కువ. ఆ తీరికలో దీపావళి ప్రమిదలకి రంగులేసుకోవాలి. ముందు ప్రైమర్, ఆరాక యాక్రిలిక్ రంగు, అదీ బయటి వైపే. ఊరికే మట్టి ప్రమిదలో నూనె పోస్తే అది గోడల్లోంచి ఊరి రంగుని పొరలు పొరలుగా లేపుతుంది. అందుకని లోపల మైనం పోసి అమ్మడం మేలు. కానీ మైనం మేలో పోయకండి. గ్లాసుల్లో పోసే సోయా మైనం మేడ మీది గదిలో ఎండకి మెత్తబడి పైన చెమట పడుతుంది. రంగులు మేలో, మైనం సెప్టెంబరులో. గాలికి ఆరే క్లేతో బొమ్మలు చేసేవాళ్లు ఎండలో పెట్టి తొందరపెడితే పైపొర ముందు బిగుసుకుని బీటలిస్తుంది, నీడలోనే ఆరనివ్వాలి. దసరాకి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లు మన వైపు బాగానే ఉన్నాయి కాబట్టి ఇవి ఊరికే పోవు.

శ్రావణం వస్తే వరలక్ష్మీ వ్రతం తాంబూలం సంచులు. 44 అంగుళాల పన్నా బట్ట మీటరులో 9 బై 22 ముక్కలు ఎనిమిది వస్తాయి. కుట్టు పోను సంచి 8 బై 10 తేలుతుంది. కాడలకి వేరే బట్ట లెక్కేసుకోండి. తిరుమల కొండ మీద పెళ్లి పెట్టుకున్నవాళ్ల ఆర్డరైతే గిఫ్టు ప్లాస్టిక్ కవర్లలో ప్యాక్ చేయకండి, అలిపిరి దగ్గరే తీసేయమంటారు.

ఇక్కడ ఒక మాట కడుపుమంటతో చెప్తున్నా. స్క్రీన్ ప్రింటు గుడ్డ తెచ్చి "శ్రీకాళహస్తి కలంకారీ సంచులు" అని అమ్మేవాళ్లు ఎక్కువైపోయారు. కాళహస్తిది కలంతో గీసే పని. గుడ్డని కరక్కాయ, గేదె పాలలో నానబెట్టి, వెదురు కలంతో ఒక్కో గీత గీస్తారు. పెడన, మచిలీపట్నం వైపుది చెక్క అచ్చుల పని, అది వేరు. రెండింటికీ వేర్వేరు భౌగోళిక గుర్తింపు ఉంది. ఒకే నెమలి అదే కొలతతో గజం గజానికీ కనపడిందంటే అది కలం పని కాదు. ప్రింటు అమ్మడం తప్పేం కాదు, ప్రింటని చెప్పి అమ్మండి. వంద రూపాయల సంచిలో కలం పని ఎలా వస్తుందండీ?

సెప్టెంబరు నడుమ వచ్చే తమిళ నెల పెరటాసి మొదలవగానే గుడ్డు లేని కేకు అడిగేవాళ్లు పెరుగుతారు, కార్తీకం అయ్యేదాకా అదే వరస. అర కిలో కేకుకి, అంటే 6 అంగుళాల టిన్నుకి, 125 గ్రాముల మైదా, 100 గ్రాముల చక్కెర పొడి, అర కప్పు పెరుగు, పావు కప్పు పాలు, పావు కప్పు నూనె, ఒక టీస్పూను బేకింగ్ పౌడర్, పావు టీస్పూను వంటసోడా. 180 దగ్గర అరగంట నుంచి 35 నిమిషాలు. పెరుగు పుల్లబడే కొద్దీ సోడాతో కలిసిన నిమిషం నుంచే బుడగలు లేచిపోతాయి. పిండి కలిపి పెట్టి ఫోన్ మాట్లాడి వస్తే టిన్నులో పొంగడానికేం మిగలదు. ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి, సోడా చివర్లో కలపాలి, కలిపిన వెంటనే లోపల పెట్టాలి. గుడ్డు కేకు చేసిన గిన్నె, బీటరు ఈ కేకుకి వాడకండి. ఆ నెలల్లో నియమంగా ఉండేవాళ్లు అడుగుతారు, నిజాయితీగా చెప్పగలగాలి. బ్రహ్మోత్సవాల రోజుల్లో, ముఖ్యంగా గరుడసేవ నాడు, అలిపిరి వైపు డెలివరీ ఒప్పుకోకపోవడమే మంచిది.

నవంబరు వానలు వేరే పరీక్ష. 2021 నవంబరు వరదలు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అంత వాన లేకున్నా వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలుస్తాయి, అటు డెలివరీలకి చుట్టుదారి టైము కలుపుకోండి. గాల్లో చెమ్మకి ఫాండెంట్ (చక్కెర ముద్ద) బొమ్మలు ఫ్రిజ్‌లోంచి తీయగానే చెమటలు పట్టి రంగు కారుస్తాయి. అప్పుడు గుడ్డతో తుడిచారంటే మచ్చ పడుతుంది. ముట్టుకోకుండా ఫ్యాను కింద వదిలేస్తే అదే ఆరుతుంది. రెజిన్ (కలిపి అచ్చులో పోస్తే గట్టిపడే జిగురు) పని ఆ నెలలో అసలు వద్దు, చెమ్మకి పైన తెల్లటి జిడ్డు పొర కడుతుంది. మేలోనేమో వేడికి కలిపిన గిన్నెలోనే గట్టిపడుతుంది. ఇంకోటి, రెజిన్, గ్లిట్టర్ వంటింట్లో పెట్టుకోకండి. "నాన్ టాక్సిక్" అని రాసున్న గ్లిట్టర్ తినేది కాదు, "ఎడిబుల్" అని ఉంటేనే కేకు మీదకి.

వానల్లో నికరంగా పోయేది రాగి బిస్కెట్లు. 100 గ్రాముల రాగిపిండి పచ్చివాసన పోయేదాకా వేయించి చల్లార్చి, 100 గ్రాముల గోధుమపిండి, 100 గ్రాముల వెన్న, 90 గ్రాముల బెల్లం పొడి, అర టీస్పూను బేకింగ్ పౌడర్, ముద్ద కట్టడానికి రెండు చెంచాల పాలు. 165 దగ్గర 15 నుంచి 18 నిమిషాలు. మొత్తం రాగే వేస్తే పట్టు లేక పొడైపోతుంది. చిత్తూరు బెల్లం రుచికి తిరుగులేదు గానీ బెల్లం గాల్లో చెమ్మని లాగుతుంది, అందుకే నవంబరులో సగం చక్కెర వేయండి. పూర్తిగా చల్లారకుండా డబ్బాలో పెడితే ఆ ఆవిరే వాటిని మెత్తబరుస్తుంది. మెత్తబడితే 150 దగ్గర ఐదు నిమిషాలు పెట్టి తీయండి. ప్యాకెట్టు మీద తయారైన తేదీ, వాడిన సరుకులు, పచ్చ చుక్క, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలి. ఇంట్లో చేసినా ఆ రిజిస్ట్రేషన్ తప్పదు.

రేటు దగ్గర "ఇంట్లోనే కదమ్మా చేసేది, అంత ఎందుకు" అనే మాట చుట్టాల నుంచే ముందు వస్తుంది. సామాను, కరెంటు, డబ్బా, బోర్డు, డెలివరీ రాసుకుని దాని కింద మీ గంటలకి కూలీ వేయండి. కేకు గిన్నెలు కడిగిన టైము కూడా అందులోకే వస్తుంది. బట్టల అంగట్లో బేరమాడినట్టు ఆడితే అర కిలో చిన్నది చేసిస్తానని చెప్పండి, రేటు మాత్రం తగ్గించకండి. ఒకసారి తగ్గించాక ఆ వీధంతా అదే రేటు.

డిసెంబరు ప్లమ్ కేకుకి రెండు దారులు. రమ్‌లో నానబెట్టిన ఎండు పండ్లు నెలల తరబడి ఉంటాయి. మనూళ్లో ఎక్కువమంది అడిగేది నారింజ రసంలో నానినవి. 300 గ్రాముల పండ్లకి 150 మిల్లీలీటర్ల రసం పోసి పది నిమిషాలు సన్నగా ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజులు దాటితే పులుస్తుంది, కాబట్టి అక్టోబరులోనే నానబెట్టేసి నిశ్చింతగా ఉండే పని కాదు ఇది. పిండిలో కలిపే ముందు పండ్లని వడగట్టి ఒక చెంచా మైదాలో దొర్లిస్తే అడుక్కి దిగవు. చక్కెర కారమెల్ ముదురు తేనె రంగుకి రాగానే వేడి నీళ్లే పోయాలి, చన్నీళ్లు పోస్తే ఎగిరి చేతుల మీద పడుతుంది. 150, 160 మధ్య గంట పైనే పడుతుంది, పైన మాడుతుంటే అల్యూమినియం ఫాయిల్ కప్పండి. రమ్ వేసిన కేకు, వేయని కేకు ఒకే రకం డబ్బాలో పెట్టకండి. కొనుక్కున్నవాళ్లు దాన్ని అట్నుంచి అటే కొండకి తీసుకెళ్లొచ్చు.