ధర పడిపోతే హాయక్ తప్పినట్టేనా?

కర్నూలు యార్డులో ఉల్లి ధర పడింది కాబట్టి ఆర్థికవేత్త హాయక్ చెప్పిన సహజ క్రమం (పైనుంచి ఎవరూ నడపకుండానే మార్కెట్ తనంతట తానే సర్దుకోవడం) తప్పని మీకనిపించడానికి కారణం, ఆ క్రమం అంటే అందరికీ మంచి ధర దొరకడం అనుకోవడమే అయ్యుంటుంది.

1. 1945 వ్యాసంలో ఆయన చెప్పింది వేరు. ధర ఒక కబురు. రేటు పడితే, మహారాష్ట్రలో పంట ఎంతొచ్చిందో తెలియని కోడుమూరు రైతుకి కూడా సరుకు అవసరానికి మించి ఉందని అర్థమవుతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఆయన రాజ్యమే వద్దనలేదు. ఆస్తి హక్కు, ఒప్పందం లాంటి అందరికీ ఒకేలా వర్తించే నియమాల్ని కాపాడమన్నాడు, ఎవరు ఏం పండించాలో ఎంతకి అమ్మాలో పైనుంచి ఆజ్ఞాపించడాన్నే ఎదిరించాడు. (పేదలకు కనీస భద్రత ఉండాలని కూడా ఒప్పుకున్నాడు, ఇది చెప్తే ఎవరూ నమ్మరు.)

3. ఇప్పుడు 2023 డిసెంబరులో కేంద్రం పెట్టిన ఉల్లి ఎగుమతి నిషేధాన్ని తీసుకోండి. అది నియమమా, ఆజ్ఞా? నా లెక్కలో ఆజ్ఞే. అలాంటి ఆజ్ఞ వల్ల ధర పడితే, దాన్ని చూపించి హాయక్ తప్పనలేం.