పట్టుగూళ్లు తెల్లగా, గట్టిగా ఉన్నా రీలింగులో దారం ఎందుకు తెగుతుంది?

పలమనేరు వైపు రైతులు నవంబరులో బైవోల్టైన్ (ఏడాదికి రెండు తరాలు వచ్చే పట్టుపురుగు రకం) పంట తీశామని, గూళ్లు తెల్లగా, గట్టిగానే ఉన్నా దారం తెగుతోందని రీలర్లు (గూళ్ల నుంచి దారం తీసేవాళ్లు) రేటు తగ్గించారని, మల్బరీ ఆకులో లోపమా అని అడిగారు. ఆకు మీద అనుమానం వద్దు. పురుగు మొత్తం ఆకులో 80 శాతం దాకా నాలుగో జ్వరం (పురుగు చర్మం విడిచే దశ) లేచాకే తింటుంది. అక్కడ కోత పడి ఉంటే గూడే పలచబడేది. గూడు గట్టిగా ఉండి దారం తెగుతోందంటే ముందు చూడాల్సింది అల్లిక రోజుల్లో గదిలోని తేమ.

పురుగు అల్లేది తెగని ఒకే పోగు. మంచి బైవోల్టైన్ గూట్లో అది దాదాపు కిలోమీటరు పొడవుంటుంది. లోపల ఫైబ్రోయిన్ అనే పట్టు ప్రోటీన్, దాని మీద సెరిసిన్ అనే జిగురు. బయటికొచ్చేటప్పుడు ఆ జిగురు తడిగా ఉంటుంది. గాలి ఆడితే వెంటనే ఆరుతుంది. ముసురు పట్టిందని తలుపులు, కిటికీలు మూసేస్తే ఆరదు, పొరలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుపోతాయి. తర్వాత రీలరు ఎంత ఉడకబెట్టినా పోగు సాఫీగా ఊడి రాదు, లాగిన చోటల్లా తెగుతుంది. గూడును చేత్తో నొక్కితే ఈ లోపం తెలియదు.

తేమంతా వాన వల్లే కాదు. అల్లిక మొదలుపెట్టే ముందు ప్రతి పురుగూ కడుపు ఖాళీ చేసుకుంటుంది. వంద మోతాదుల గుడ్లంటే (ఒక తల్లి చిలుక పెట్టిన గుడ్లన్నీ ఒక మోతాదు) 40,000కు పైగా పురుగులు. ఆ తడంతా గదిలోనే పడుతుంది. చంద్రికల (పురుగులు గూళ్లు అల్లే తట్టల) కింద పాత పేపర్లు పరిచి, మర్నాడే తీసేయండి. ఎదురెదురు కిటికీలు తెరవండి. చలికి కుంపటి పెడితే పొగ ఉండకూడదు. గది 24–25 డిగ్రీలు, తేమ 60–70 శాతం ఉండాలి. తడి–పొడి థర్మామీటరు తప్పకుండా పెట్టుకోండి: పొడి వైపు 25 ఉన్నప్పుడు తడి వైపు 21 చూపిస్తే తేమ సుమారు 70 శాతం. 23 చూపిస్తే 84 శాతం, అప్పుడు గాలి చాలట్లేదని అర్థం.

పండిన పురుగునే చంద్రిక మీదికి ఎత్తండి. అది మేత మానేస్తుంది, ఒళ్లు కుదించుకుంటుంది, మెడ దగ్గర వెలుతురు దాటేలా పసుపుగా కనబడుతుంది, తల పైకెత్తి అటూ ఇటూ ఆడిస్తుంది. ముందే ఎత్తితే చంద్రికంతా తిరుగుతూ తడి చేస్తుంది. ఆలస్యం చేస్తే పడకలోనే పట్టు వదిలేస్తుంది. చదరపు అడుగుకు 40–50 పురుగులు చాలు. ఎక్కువ వేస్తే రెండు పురుగులు కలిసి ఒకే గూడు కడతాయి, ఆ జంట గూటి పోగులు చిక్కుపడి సరిగా రావు. ఒక పక్క నుంచే వెలుగు పడినా అవతలి చీకటి మూలకు గుంపు కడతాయి కాబట్టి వెలుతురు మసకగా, అన్ని వైపులా సమంగా ఉండాలి.

కోతకు తొందరపడొద్దు. బైవోల్టైన్‌ను ఆరో రోజుకు ముందు విప్పకండి. రెండు మూడు గూళ్లు కోసి చూడండి: లోపలి ప్యూపా (పురుగు గూట్లో మారిన రూపం) గోధుమరంగుకు తిరిగి గట్టిపడి ఉండాలి. ఇంకా లేత పసుపుగా, మెత్తగా ఉంటే సంచిలో చితికి, లోపలి నుంచి మరక పడుతుంది. జంట గూళ్లు, మరక గూళ్లు, ఊజీ ఈగ పురుగు తొలిచినవి ఇంటి దగ్గరే వేరు చేయండి. మిగిలినవి గాలాడే సంచుల్లో వదులుగా నింపి, చల్లటి పూట మార్కెట్‌కు తీసుకెళ్లండి.