పదిహేనేళ్ల పిల్లాడికి డిప్రెషన్ మాత్ర: సగం వెయ్యాలా, రెట్టింపు వెయ్యాలా?

కందుకూరు నుంచి అడిగిన చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాబుది పదో తరగతి. ఒంగోలు డాక్టరు ఫ్లూఆక్సెటిన్ 10 మిల్లీగ్రాములు రాశారు. పన్నెండు రోజులైనా మార్పు లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఏమో "10 ఏం చాలుద్ది, 20 వెయ్యి" అన్నాడు. మీ అత్తగారేమో పసివాడు, సగమే వెయ్యమంటోంది. ఎవరి మాట వినాలి అని మీరు అడిగారు.

ఇద్దరి మాటా వద్దు. నేను డాక్టర్ని కాదు, కావలిలో మిషన్ కుట్టుకునే మనిషిని. మా పాప నెల్లూరు హాస్టల్లో ఇంటర్ చదివేటప్పుడు మొదలై ఏడాదిన్నర ఈ మందులతోనే గడిచింది కాబట్టి చెబుతున్నా.

ఇది జ్వరం సిరప్ లాగా బరువు చూసి కొలిచి పోసేది కాదు. పిల్లలకి తక్కువలో మొదలుపెట్టి, వారాలు చూసి, అవసరమైతేనే పెంచుతారు. ఫ్లూఆక్సెటిన్ అయితే మామూలుగా 10తో మొదలు, తర్వాత 20. అంటే మీ డాక్టరు రాసింది చాలని డోసేం కాదు, పద్ధతి ప్రకారం మొదటి మెట్టు. పైగా ఈ మందు ఒంట్లోంచి తొందరగా పోదు. ఇవాళ వేసింది నిన్నటి దాని మీద చేరుకుంటూ ఒక నిలకడకి రావడానికే నాలుగైదు వారాలు పడుతుంది. పన్నెండో రోజున రెట్టింపు చేస్తే, లోపల ఇంకా పెరుగుతున్న దాని మీద మళ్లీ పోసినట్టే. సగం సంగతి కూడా అంతే. క్యాప్సూల్ విప్పి పొడి సగం పారబోస్తే ఎంత లోపలికెళ్లిందో మీకూ తెలీదు, డాక్టరుకీ తెలీదు. ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెండు వెయ్యకండి, ఒకటే.

మా పాపది వేరే మందు, ఎస్సిటలోప్రామ్. 5తో మొదలుపెట్టి 10కి తీసుకెళ్లారు. అమెరికాలో మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ డిప్రెషన్‌కి ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకి ఫ్లూఆక్సెటిన్‌నీ, పన్నెండు దాటిన వాళ్లకి దీన్నీ ఒప్పుకుంది. పెద్దవాళ్లకి పనిచేసే మందులన్నీ పిల్లలకి ఇవ్వరు. ఇంట్లో ఎవరో వాడి మిగిల్చిన స్ట్రిప్ తీసి పిల్లకి పెట్టడం అనేది కలలో కూడా చెయ్యొద్దు.

డోసు తప్పేది డాక్టరు దగ్గరే కాదు, మెడికల్ షాపు కౌంటరు దగ్గర కూడా. మాకు రెండో నెలలో అయింది. మామూలుగా కొనే చోట స్టాకు లేదని వేరే షాపుకెళ్లా. "అదే కంపెనీ, అదే మందమ్మా" అని ఇచ్చాడు. నాలుగో రోజు ఆదివారం, పాప పదింటికి లేచింది. టిఫిన్ ముందు కూర్చుని జోగుతోంది, ఇడ్లీ ముక్క చేతిలోనే ఉంది. నాకు గుండె జారిపోయింది. పాత స్ట్రిప్, కొత్త స్ట్రిప్ పట్టుకుని కిటికీ దగ్గరికెళ్లా. రెండింటి మీదా పేరు ఒకటే, 10 అనీ ఉంది. కొత్తదాని మీద మాత్రం పేరు చివర చిన్నగా "ప్లస్". వెనక తిప్పితే ఎస్సిటలోప్రామ్ కింద ఇంకో పేరు, క్లోనాజిపామ్. అది మత్తిచ్చే మందు, అలవాటయ్యేది కూడా. డాక్టరుకి ఫోన్ చేస్తే, నాలుగు రోజులే కదా, పాతదానికి మారిపోండి అన్నారు. అదే నెలల తరబడి వేసి ఉంటే దాన్ని కూడా మెల్లగా తగ్గించాల్సి వచ్చేదట. అప్పట్నుంచి షాపులో బ్రాండు పేరు చెప్పను, స్ట్రిప్ వెనక ఉన్న మందు పేరూ మిల్లీగ్రాములూ చదివి కొంటా. వెనక క్యూలో వాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

రెండో తప్పు మాదే. నాలుగో నెలలో పాప నవ్వుతోంది, తింటోంది. "ఇంకా వేస్తే అలవాటైపోద్ది" అని మా ఆడబిడ్డ అంటే ఒక్కసారిగా ఆపేశాం. మూడో రోజు "అమ్మా, తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టుంది" అంది. తల తిరుగుడు, వాంతి వచ్చినట్టు, ఊరికే ఏడుపు. మళ్లీ పరిగెత్తాం. బాగుపడ్డాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది దాకా వాడి, ఆ తర్వాత మెట్టు మెట్టుగా దించాలని అప్పుడు చెప్పారు. ముందే అడగాల్సింది.

ఇప్పుడు మీరు నిజంగా కళ్లు పెట్టాల్సింది ఈ మొదటి వారాల మీద. 2004లో ఎఫ్‌డీఏ ఈ మందుల మీద పెద్ద హెచ్చరిక పెట్టింది. పరీక్షల్లో మందు వేసుకున్న పిల్లల్లో వందకి నలుగురికి చావు ఆలోచనలో ప్రయత్నాలో కనిపించాయి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వాళ్లలో ఇద్దరికి. ఆ పరీక్షల్లో ఒక్కరూ చనిపోలేదు. అది చదివి నేను రాత్రంతా నిద్రపోలేదు, మందే వద్దనుకున్నా. డాక్టరు ఒకటే అడిగారు: మందు లేకుండా వదిలేస్తే ఆ ఆలోచనలు రావనుకుంటున్నారా?

కాబట్టి చూస్తూ ఉండండి. ఒకచోట కూర్చోలేకపోవడం, కొత్తగా కోపం, నిద్ర పూర్తిగా పోవడం, లేకపోతే నిద్రలేకపోయినా అలుపు లేకుండా గలగలా మాట్లాడటం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టరుకి చెప్పండి, వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగొద్దు. కాస్త వికారం, తలనొప్పి మాత్రం మొదట్లో ఉంటాయి, చాలామందికి తగ్గిపోతాయి.

చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది ఉత్తమాట. నేను పాపకి జడ వేస్తూ అడిగా, మొహాలు చూసుకోకుండా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ముందు అనిపించేది" అంది.

మాత్రలు మీ బీరువాలో తాళం వేసి ఉంచి, రోజుకొకటి మీ చేత్తో ఇవ్వండి. పొలం మందులు ఇంట్లో ఉంటే ఇవాళే వేరే చోటికి మార్చెయ్యండి. జలుబుకీ నొప్పికీ ఆర్‌ఎంపీ దగ్గరికెళ్తే ఈ మాత్ర సంగతి ముందే చెప్పండి. ట్రమడాల్ నొప్పి మందు, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు సిరప్ దీంతో పడవు. రాత్రిపూట భయమేస్తే మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైన్ టెలిమానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. పిల్లాడు ఏదైనా చేసుకుంటాడేమో అనిపిస్తే మాత్రం ఫోన్లతో ఆగకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలొద్దు.

ఈసారి ఒంగోలు వెళ్లేటప్పుడు మందు పేరు చిరగకుండా స్ట్రిప్ తీసుకెళ్లి, "మళ్లీ ఎప్పుడు చూస్తారు, ఎప్పుడు పెంచుతారు" అని తారీఖు అడిగి చీటీ మీద రాయించుకోండి. మా పాపది ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు, మాత్ర మానేసి తొమ్మిది నెలలు.