బి ఫ్లాట్ ట్యూబా మర్చిపోతాడా?

ప్రశ్న: మావాడు డల్లాస్ దగ్గర హైస్కూల్ బ్యాండ్‌లో ట్యూబా (ఊదే పెద్ద ఇత్తడి వాద్యం) వాయిస్తాడు, స్కూల్ వాళ్ళిచ్చిన బి ఫ్లాట్ శ్రుతిది. కాలేజీలో మ్యూజిక్ చదువుతానంటున్నాడు. టీచరేమో సి ట్యూబాకి మారమంటున్నారు, తర్వాత ఎఫ్ కూడా కావాలట. కొత్తది పట్టుకుంటే పాతది పోతుందేమోనని నా భయం.

జవాబు: పోదండీ, కానీ మొదట్లో కొన్నాళ్ళు గందరగోళం మాత్రం తప్పదు. మన వేణువు వాళ్ళు శ్రుతికో వేణువు పెట్టుకున్నా వేళ్ళు మారవు కదా, సా ఎక్కడుంటే అక్కడే. ఆర్కెస్ట్రా ట్యూబాకి ఆ సుఖం లేదు, కాగితం మీద ఉన్నది అసలు స్వరమే కాబట్టి వేళ్ళే మార్చుకోవాలి. స్టాఫ్ (నోట్స్ రాసే అయిదు గీతలు) మధ్యలో ఉండే బి ఫ్లాట్, సి స్వరాలే చూడండి, బి ఫ్లాట్ ట్యూబాలో మొదటిది ఓపెన్ (ఏ మీటా నొక్కకుండా), రెండోదానికి ఫస్ట్ వాల్వ్ (మొదటి మీట), సి ట్యూబాలో సరిగ్గా తిరగేసి. అందుకే నోట్స్ పైన వాల్వ్ నంబర్లు రాసుకోనివ్వకండి, స్వరం ముందు గొంతుతో పాడి అప్పుడు ఊదమనండి. వేళ్ళ లెక్కతో చదివేవాడే తికమకపడేది, చెవితో చదివేవాడికి అంత కష్టం ఉండదు.

టీచర్ మాటలో తప్పేం లేదు, అమెరికా ఆర్కెస్ట్రాల్లో పెద్ద ట్యూబా అంటే ఎక్కువగా సి నే. జర్మనీలో అయితే బి ఫ్లాట్, ఇంగ్లండ్‌లో ఈ ఫ్లాట్ బాగా వాడతారు. గొట్టం పొడవు సి కి దాదాపు 16 అడుగులు, బి ఫ్లాట్‌కి 18, మరీ ఆకాశం భూమి తేడా కాదు, మొదట్లో ఒకే మౌత్‌పీస్‌తో రెండూ నడిపించొచ్చు. రోజూ ఎక్కువ టైం సి మీద పెట్టి చివర్లో ఓ పావుగంట అదే పేజీ బి ఫ్లాట్ మీద వాయిస్తే చాలు. మార్చింగ్ సీజన్‌లో ఎలాగూ సూసాఫోన్ (ఒంటి చుట్టూ వేసుకుని నడుస్తూ వాయించే ట్యూబా) భుజాన పడుతుంది, అది బి ఫ్లాటే, ఇక మర్చిపోయేదెక్కడ!

అయితే డబ్బు పెట్టేముందు అప్లై చేసే కాలేజీల్లో ట్యూబా ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టి ఆడిషన్‌కి బి ఫ్లాట్ సరిపోతుందా, చేరాక సి ట్యూబా వాళ్ళే ఇస్తారా అని అడగండి, ఇచ్చేచోట్లు ఉన్నాయి.

ఎఫ్ ఇప్పుడొద్దు. అది 12 అడుగులే, ఊపిరి, పెదాల పట్టు అంతా వేరే. 1954లో వచ్చిన ఇంగ్లిష్ స్వరకర్త వాన్ విలియమ్స్ ట్యూబా కాన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి సోలోగా వాయించేది) లాంటివి వాయించే రోజొస్తే అప్పుడు చూసుకోవచ్చు, ఈలోపు సి మీద లో రిజిస్టర్ (కింది స్వరాలు) గట్టిపడనివ్వండి.