నొప్పి ఎక్కడిదో తేలాకే రెండోసారి

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. 2012లో కుడి మోకాలి చిప్ప మార్పించుకున్నాను. పదేళ్లకు పైగా హాయిగా తిరిగాను. ఏడాదిగా కుర్చీలోంచి లేచి మొదటి నాలుగడుగులు వేసేసరికి ప్రాణం పోతోంది. వాపు చూసి ఇంటి దగ్గర డాక్టరు యాంటీబయాటిక్ ఇచ్చారు, వాడుతున్నాను. ఇంకోచోట ‘మళ్లీ మార్చాల్సిందే’ అన్నారు. షుగరుంది. ఇల్లు రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మనవాళ్లు ‘చిప్ప మార్చారు’ అంటారు గానీ, ముఖ్యంగా మార్చేది చిప్పను కాదు. తొడ ఎముక చివర, కింది ఎముక పైన లోహపు తొడుగులు వేసి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ ముక్క పెడతాం. ఏళ్ల నడకకు ఆ ప్లాస్టిక్ అరిగి, ఆ పొడి వల్ల చుట్టూ ఎముక కరిగి, తొడుగు వదులవుతుంది. మీరు రాసిన ‘మొదటి నాలుగడుగులు’ ఎక్కువగా వదులైన కీలు లక్షణమే. పడుకున్నా, రాత్రంతా సలిపినా నేను ఇన్ఫెక్షన్ని అనుమానిస్తాను. తుంటి కీలు అరిగినా నొప్పి మోకాల్లో తెలియొచ్చు. కారణం తేలకుండా మాత్రం మళ్లీ కోతకు ఒప్పుకోకండి. అలా చేయించుకుని, అదే నొప్పితో నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.

పాత, కొత్త ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ జాడ చెప్పే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయించాలి. కీలులోంచి సూదితో నీరు తీసి కల్చర్‌కి, అంటే అందులో క్రిమి పెరుగుతుందేమో ల్యాబులో చూసే పరీక్షకి, పంపాలి. మీ యాంటీబయాటిక్‌తో చిక్కు ఇక్కడే: అది వాడుతుండగా తీస్తే, క్రిమి ఉన్నా దొరక్కపోవచ్చు. సాధారణంగా రెండు వారాలైనా ఆపి తీస్తాం. మీ అంతట మీరు ఆపకండి, సర్జన్‌కి చెప్పండి. జ్వరమొస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు.

వదులే అయితే ఒక్క ఆపరేషన్‌తో పోతుంది. మొదటిదానికన్నా పెద్దది, ఎముక లోపలికి పొడవాటి కాడలున్న ఇంప్లాంటు (కృత్రిమ కీలు) కావాల్సి రావచ్చు. ఇన్ఫెక్షన్ అయితే చాలాసార్లు రెండు విడతలు: పాతది తీసి, మందు కలిపిన సిమెంటు ముక్క పెట్టి, సుమారు ఆరు వారాలు యాంటీబయాటిక్స్ ఇచ్చి, అది తగ్గిందని తేలాకే కొత్త కీలు.

ఇక మీ 2012 ఫైలు. ఆపరేషన్ నోట్స్ పక్కన బార్‌కోడ్‌తో చిన్న తెల్ల స్టిక్కర్లు అతికించి ఉంటాయి: కంపెనీ, సైజు, లాట్ నంబరు. ఓ పెద్దాయన వాటిని బిస్కెట్ల డబ్బాలో రేషన్ కార్డు జిరాక్సుల కింద దాచి తెచ్చారు. ఆయనకి అరిగింది ప్లాస్టిక్ ఒక్కటే, సైజు తెలిసింది కాబట్టి అదొక్కటే మార్చి పంపాం.

ఖర్చు సంగతి: 2017లో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధరలు కట్టింది, రివిజన్‌ది, అంటే రెండోసారి మార్చేటప్పుడు వేసేది, అప్పట్లో 1,13,950 రూపాయలు. ఇప్పటి ధర అడిగి, బిల్లులో ఇంప్లాంటు విడిగా రాయించుకోండి.

షుగరు అదుపులోకి వచ్చాకే తేదీ. పుచ్చిన పళ్లుంటే ముందే చూపించుకోండి. తొడ కండరం బిగించే వ్యాయామం ఇప్పుడే మొదలెట్టండి. కొన్ని వారాలు కింది వాటాలోనో, మెట్లు లేని బంధువుల ఇంట్లోనో ఉండే ఏర్పాటు చూడండి, వెస్ట్రన్ కమోడ్ ఉండాలి సుమా.

ఫైలు దొరికితే స్టిక్కర్ల పేజీ ఫోన్లో ఫొటో తీసుకోండి. అపాయింట్‌మెంట్ ఆ తర్వాతే.