చిన్నవాణ్ణి చూపించే ముందు

అనంతపురం.

చి.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీవు పంపిన చిన్నవాడి నోటుపుస్తకం ఫొటోలు చూశాను. ‘పుస్తకం’ అని రాయవలసిన చోట ‘పుసకం’ అనీ, ‘అక్క’కు బదులు ‘అక’ అనీ రాసి, వత్తులన్నీ దాదాపుగా వదిలేశాడు. అదే వాడు మొన్న ఫోనులో నాకు కథ చెబుతుంటే ఒక్క మాటా తడబడలేదు. కనుక సైకాలజిస్టుకు చూపించాలన్న నీ ఆలోచన సరైనదే. అయితే ముందుగా కళ్ళూ చెవులూ పరీక్ష చేయించు. నేను బడిలో పనిచేసే రోజుల్లో ఒక పిల్లవాణ్ణి ఒకాయన దగ్గరికి పంపితే, అరగంటలో ఐక్యూ (తెలివితేటల కొలత) అంకె వేసిన కాగితం ఇచ్చి పంపాడు. ఆరు నెలల తరువాత తేలిందేమిటంటే, వాడికి వినికిడి తక్కువ. ఆ కాగితాన్ని నమ్మి వాణ్ణి వెనుక బెంచీకి మార్చినవాణ్ణి నేనే.

బోర్డు మీద సైకాలజిస్టు అని ఉన్నంత మాత్రాన చాలదు. క్లినికల్ సైకాలజిస్టులు, రిహాబిలిటేషన్ సైకాలజిస్టులు 1992 నాటి చట్టం ప్రకారం భారత పునరావాస మండలిలో (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నమోదై ఉండాలి. ఆ నంబరు అడిగి, మండలి వెబ్‌సైటులో పేరుతో సరిచూసుకో. అడిగితే నొచ్చుకునేవారి మీద నాకైతే నమ్మకం కుదరదు.

వెళ్ళే ముందు ఫోనులోనే తేల్చుకోవలసిన సంగతి భాష. మన వాళ్ళందరూ దగ్గరని బెంగళూరు వైపే చూస్తారు, అక్కడ నిమ్హాన్స్ వంటి పెద్ద మానసిక ఆరోగ్య సంస్థ ఉన్న మాటా నిజమే; కాని ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు నడిచే పిల్లవాడికి పరీక్ష అంతా ఇంగ్లీషులోనే పెడితే, కొలిచేది వాడి తెలివిని కాదు, వాడి ఇంగ్లీషును. ఇప్పటికీ చాలాచోట్ల వాడే బినే-కామత్ ఐక్యూ పరీక్ష మొదట తయారైంది కన్నడ, మరాఠీ పిల్లల కోసం. అందువల్ల ఏ పరీక్ష పెడతారు, ప్రశ్నలు తెలుగులో అడగగలరా, చదవడమూ రాయడమూ విడిగా పరీక్షిస్తారా అని అడుగు. ఐక్యూ ఒక్కటే చూసి అభ్యసన వైకల్యం (తెలివి ఉన్నా చదవడమో రాయడమో పట్టుబడకపోవడం) ఉందనీ చెప్పకూడదు, లేదనీ చెప్పకూడదు. బడి టీచరుతో మాట్లాడతారో లేదో కూడా కనుక్కో. మాట్లాడనివారు సగమే చూసినట్లు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ అభ్యసన వైకల్యాన్నీ గుర్తించింది. రేపు పరీక్షల్లో అదనపు సమయం కావలసివస్తే ప్రైవేటు రిపోర్టు ఒక్కటే సరిపోకపోవచ్చు గనుక, ప్రభుత్వాసుపత్రి ధ్రువపత్రం సంగతీ అప్పుడే అడిగి ఉంచు.

వెళ్ళేటప్పుడు పోయినేటి నోటుపుస్తకాలూ పట్టుకుపో. రిపోర్టు రాగానే నకలు నాకు పంపు.

మీ మామయ్య